రహీం లీగ్ బి డివిజన్ వరకే ఆడాను. బడిలో పీఈటీ (వ్యాయామ టీచర్)గా, ఫుట్‌బాల్ కోచ్‌గా పనికొస్తానా?

ప్రశ్న: లెఫ్ట్‌బ్యాక్ 3

అందరికీ నమస్తే. మాది సికింద్రాబాద్. వయసు 26. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ లీగ్, అదే రహీం లీగ్‌లో ముందు సి డివిజన్, తర్వాత బి డివిజన్ ఆడాను. ఆ పై మెట్టు, 'ఏ' (A) డివిజన్ టీమ్ ఒకటి ట్రయల్స్‌కి పిలిచింది, ఒక సీజన్ బెంచీ మీద కూర్చోబెట్టింది, అక్కడితో సరి. బీకాం పాసయ్యాను. ఇప్పుడొక గోడౌన్‌లో స్టాక్ లెక్కలు రాస్తున్నాను. ఆదివారాలు పొద్దున్నే మా బస్తీ పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాను. డబ్బులు ఏమీ తీసుకోను. వారం మొత్తంలో నాకు హాయిగా అనిపించేది ఆ రెండు గంటలే.

బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసి పీఈటీ అవుదామని ఉంది. లేదంటే కోచింగ్ లైసెన్సులు చేసి అకాడమీలో చేరడమా? నాన్నకి రెండూ నచ్చట్లేదు. "ఆడినన్నాళ్ళు ఆడావు, ఇక బ్యాంకు పరీక్షలు రాయి" అంటున్నాడు. పేరున్న ప్లేయర్లే పని లేక తిరుగుతుంటే బి డివిజన్ వాణ్ణి ఎవరు పెట్టుకుంటారు, పిల్లలైనా ఎందుకు లెక్కచేస్తారు అన్నది నా భయం. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జవాబు 1: ఆఫ్‌సైడ్

బ్రో, అస్సలు టెన్షన్ పడకు. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ తెలుసుగా? క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్ యూత్ టీమ్‌లో ఉండి కూడా ఫస్ట్ టీమ్‌కి ఒక్క మ్యాచ్ ఆడలేదు. తర్వాత టన్‌బ్రిడ్జ్, మెయిడ్‌స్టోన్ లాంటి నాన్‌లీగ్ (పెద్ద లీగుల కింది స్థాయి) టీమ్‌లకి ఆడాడు, లండన్‌లో ఒక స్కూల్లో పీఈ టీచర్‌గా చేశాడు. 1976లో స్వీడన్ వెళ్ళి హాల్మ్‌స్టాడ్ క్లబ్ పగ్గాలు పట్టుకుని ఆ ఏడాదే లీగ్ కొట్టాడు, 1979లో మళ్ళీ కొట్టాడు. స్విట్జర్లాండ్‌ని 1994 వరల్డ్ కప్‌కి తీసుకెళ్ళాడు, చివరికి ఇంగ్లండ్ టీమ్‌కే కోచ్ అయ్యాడు. పేరున్న కోచ్ మొరీన్యో కూడా అంతే, పోర్చుగల్‌లో కింది డివిజన్లలో ఆడి, స్కూళ్ళలో పీఈ చెప్పినవాడే. నువ్వు కానిచ్చెయ్.

జవాబు 2: డ్రిల్ సార్

తమ్ముడూ, పైన చెప్పిన పేర్లన్నీ నిజమే. కానీ ఇంగ్లండ్ దాకా ఎందుకు? నువ్వు ఆడిన లీగ్ ఎవరి పేరు మీద ఉందో ఒకసారి గుర్తు చేసుకో. సయ్యద్ అబ్దుల్ రహీం స్కూలు టీచర్. ఉస్మానియాలో బీఏ చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పాఠాలు చెప్పుకున్నాయన. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. తను హైదరాబాద్‌లో స్థానిక క్లబ్బులకి ఆడాడు. అలాంటాయన 1950లో సిటీ పోలీస్ టీమ్‌ని చేతిలోకి తీసుకుంటే ఆ టీమ్ 1950 నుంచి 54 వరకు వరసగా ఐదుసార్లు అప్పటి పెద్ద టోర్నమెంట్ రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఇండియా టీమ్‌కి 1951లో, 62లో ఏషియన్ గేమ్స్ గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతుల మీదుగా వచ్చినవే.

ఇది నిన్ను ఊరించడానికి చెప్పడం లేదు. రహీం సాబ్ లాంటివాడు మళ్ళీ పుట్టలేదు, నువ్వూ నేనూ ఆ లెక్కలోకి రాం. ఆయన పద్ధతులు మాత్రం బడిలో పుట్టిన పద్ధతులు. అందుకే మనలాంటి వాళ్ళకి పనికొస్తాయి. అది తర్వాత చెప్తా, ముందు నా సంగతి విను.

మాది లాలాగూడ. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. నేను రైట్ హాఫ్ (కుడివైపు మధ్యలో ఆడేవాణ్ణి). సి డివిజన్, తర్వాత బి డివిజన్, నీలాగే. మధ్యాహ్నం ఎండలో జింఖానా గ్రౌండ్‌లో మ్యాచ్. క్లబ్బులో అందరికీ సరిపడా స్టడ్స్ బూట్లు ఉండేవి కాదు, సబ్‌స్టిట్యూట్ దిగాలంటే బయటికొచ్చినవాడు లైను పక్కన కూర్చుని లేసులు విప్పి ఇవ్వాలి. గెలిస్తే ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కట్లు. ఓడినా చాయే, బిస్కట్లు ఉండవు. రైల్వేలోనో టెలిఫోన్స్‌లోనో స్పోర్ట్స్ కోటాలో దూరదామని మా బ్యాచ్ అందరి ఆశ. అప్పట్లో డిపార్ట్‌మెంట్ టీమ్‌లో చోటంటే గవర్నమెంట్ ఉద్యోగం. మా టీమ్‌లో ఇద్దరికి దొరికింది, నాకు దొరకలేదు. ఆట చాలలేదు, అంతే.

ఉస్మానియాలో బీపీఈడీ చేశా. ఒక ప్రైవేటు స్కూల్లో కొన్నేళ్ళు చేశా. పేరుకి పీఈటీని. చేసింది బస్ డ్యూటీ, ఫీజు కట్టని పిల్లల్ని లైన్లో నిలబెట్టే డ్యూటీ, యాన్యువల్ డేకి కుర్చీలు వేయించే డ్యూటీ. గ్రౌండ్ ఉండేది కాదు, మేడ మీద టెన్నికాయిట్ రింగు. 2001 డీఎస్సీలో పోస్టు వచ్చింది, నల్గొండ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూలు. అక్కడ మొదటి వారం నేను ఫుట్‌బాల్ బయటికి తీస్తే ఒక పిల్లాడు అడిగాడు: "సార్, ఇది వాలీబాల్‌కి పెద్దన్ననా?" ఆ ఊళ్ళో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ తప్ప వేరే ఆట ఉన్నట్టే తెలియదు.

కాబట్టి నువ్వు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదొక్కటే: నీకు కావలసింది ఫుట్‌బాలా, పిల్లలా? పీఈటీ పోస్టులో ఫుట్‌బాల్ దొరికేది సాయంత్రం బడి వదిలాక గంట. మిగతాదంతా ప్రార్థన, డ్రిల్, కబడ్డీ కోర్టుకి సున్నం గీతలు, ఆగస్టు పదిహేనుకి మార్చ్‌పాస్ట్, మధ్యాహ్నం భోజనం దగ్గర వరసలు, కొట్టుకున్న పిల్లల పంచాయితీ. పరీక్షలు దగ్గర పడితే నీ పీరియడ్ లెక్కల సార్ తీసేసుకుంటారు, మొహమాటం లేకుండా. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలెక్షన్స్ వచ్చాయంటే అండర్ 14, అండర్ 17 ఎలిజిబిలిటీ ఫారాలు, ఫొటోలు, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, హెడ్‌మాస్టర్ ముద్ర. ఒక పిల్లాడికి ఆధార్‌లో ఒక తేదీ, బడి రిజిస్టర్లో ఇంకో తేదీ ఉంటే వాణ్ణి ఆడించడానికి నువ్వే మండల ఆఫీసు చుట్టూ తిరగాలి. ఇదంతా విసుగనిపించేవాడు మొదటి ఏడాదే బదిలీ కోసం చూస్తాడు. నేను చూడలేదు, ఎందుకంటే సాయంత్రం ఆ గంట కోసం పిల్లలు ఇంటికి పోకుండా ఉండిపోయేవాళ్ళు.

ఇక బి డివిజన్ వాడిని ఎవరు లెక్కచేస్తారన్నావు. చెప్తా విను. నా ఆటలో పెద్ద రోగం ఒకటుండేది. బంతి నా దగ్గరికి వస్తోందంటే కళ్ళు దానికే అతుక్కుపోయేవి. వెనక ఎవడున్నాడో చూసేవాణ్ణి కాదు. బంతి ఆపేలోపు ఎవడో ఒకడు కాళ్ళ మధ్యలోంచి ఎత్తుకుపోయేవాడు. సీనియర్లు "వెనక చూడు బే" అని అరిచేవాళ్ళు గానీ ఎప్పుడు చూడాలో, ఎలా చూడాలో ఎవరూ చెప్పలేదు. పుట్టుకతో ఆట వచ్చినవాళ్ళకి ఆ ప్రశ్నే రాదు, వాళ్ళ మెడ దానంతటదే తిరుగుతుంది. నాకు కొన్ని సీజన్లు పట్టింది. చూడాల్సింది బంతి నా కాలికి తగిలాక కాదు, అవతలివాడు పాస్ ఇవ్వడానికి కాలు వెనక్కి తీసినప్పుడే.

ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాడు ఒక్క పాస్ తీసుకుంటే చాలు, వాడికి ఆ రోగం ఉందో లేదో తెలిసిపోతుంది. మందు కూడా ఉంది. పిల్లాడి వెనక పది గజాల దూరంలో నేను నిలబడి వేళ్ళు ఎత్తుతా. ఎదుటివాడు పాస్ ఇస్తాడు. బంతి తన కాలికి తగిలేలోపు పిల్లాడు నేనెన్ని వేళ్ళు ఎత్తానో అరవాలి. మొదట్లో గోలగోలగా ఉంటుంది, బంతి ఒకవైపు పోతుంది, వీడు ఇంకోవైపు చూస్తాడు. నేను వేళ్ళు మార్చేస్తుంటా, దొంగ లెక్క చెప్పకుండా. పది రోజులకి మెడలు తిరగడం మొదలవుతుంది. కోన్లు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఒక బంతి చాలు.

రెండోది ఎడమ కాలు. ఫతే మైదాన్ గేటు దగ్గర ఒక పెద్దాయన కూర్చునేవాడు, కుర్రతనంలో పోలీస్ టీమ్ ప్రాక్టీసు చూసినవాడు. ఇప్పుడు ఎల్బీ స్టేడియం అంటున్నారు గానీ మాకు అది ఎప్పుడూ ఫతే మైదానే. రహీం సాబ్ చేతకాని కాలుతోనే ఆడాలని పోటీలు పెట్టేవాడని, డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ చేయాల్సిందే అని టోర్నమెంట్లు నడిపేవాడని ఆయన దగ్గరే విన్నా. నేను బడిలో పెట్టా. ఎలాగంటే, మా బడిలో ఆడపిల్లలకి రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఆ రిబ్బన్లు అడిగి తీసుకుని ప్రతి పిల్లాడి కుడి కాలి పిక్కకి కట్టేవాణ్ణి. రిబ్బన్ ఉన్న కాలు బంతికి తగిలిందా, ఫౌల్. మొదట ఆటంతా కుంటివాళ్ళ పరుగులాగా ఉండేది. రిబ్బన్లు ఇచ్చిన ఆడపిల్లలు పక్కన నిలబడి ఫౌల్స్ అరిచేవాళ్ళు. రిఫరీ వాళ్ళే. కొన్నాళ్ళకి ఒకమ్మాయి వచ్చి "మా రిబ్బన్లతో వాళ్ళు ఆడటమేంది సార్, మేమే ఆడతం" అంది. అడిగింది న్యాయమే కదా. ఆ ఏడాది నుంచే మా బడికి అమ్మాయిల టీమ్ ఉంది. అబ్బాయిల టీమ్ కంటే వాళ్ళే మేలు, ఈ మాట మా అబ్బాయిలకి చెప్పకండి.

పిల్లలు ఏ డివిజన్ ఆడావని అడగరు తమ్ముడూ. ఎదురుగా నిలబడి ఒక్కసారి నీ ఎడమ కాలితో బంతిని శుభ్రంగా వాళ్ళ కాళ్ళ దగ్గరికి పంపితే వాళ్ళకి అది చాలు. అడిగేది పెద్దవాళ్ళు.

జవాబు 3: వీకెండ్ టర్ఫ్

డ్రిల్ సార్ చెప్పింది బడి వైపు. నేను అకాడమీ వైపు చెప్తాను. యూనివర్సిటీ దాకా ఆడాను, ఇప్పుడు కొండాపూర్ వైపు ఒక అకాడమీలో చిన్నపిల్లల కోచ్‌ని.

లైసెన్సుల సంగతి: ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) వాళ్ళది ముందు 'ఇ' (E) లైసెన్సు ఉంటుంది, అది పసిపిల్లల స్థాయి. తర్వాత డి, సి, బి, ఏ, ఆపైన ప్రో. పై మెట్లకి మామూలుగా ఒకటి దాటాకే ఇంకోటి. అకాడమీలు మామూలుగా కనీసం డి అడుగుతున్నాయి. డి కోర్సు కొద్ది రోజుల్లో అయిపోతుంది, నేషనల్స్ ఆడి ఉండాలన్న రూలేం లేదు. అక్కడ వాళ్ళు చూసేది నువ్వెంత బాగా ఆడతావని కాదు, ఒక సెషన్ కాగితం మీద రాసుకుని, పిల్లల్ని ఖాళీగా నిలబెట్టకుండా నడపగలవా అని. పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉన్నాయి. ప్రభుత్వ కోచ్ పోస్టుల వైపు చూస్తే ఎన్ఐఎస్ అడుగుతారు, ప్రైవేటు అకాడమీల్లో లైసెన్సు చూస్తారు.

డబ్బు విషయం దాచను. నెల జీతం అంటారు గానీ చాలాచోట్ల సెషన్‌కి ఇంత అని లెక్క. వానాకాలంలో బుకింగ్‌లు పడిపోతే మీ డబ్బులూ పడిపోతాయి. సమ్మర్ క్యాంపులప్పుడు మాత్రం ఊపిరి ఆడదు. పైగా ఇక్కడ పిల్లల కంటే పేరెంట్స్‌కి కోచింగ్ ఎక్కువ ఇవ్వాలి. టర్ఫ్ నెట్ బయట కుర్చీ వేసుకుని ఫోన్లో వీడియో తీస్తూ "పాస్ ఇవ్వకు, నువ్వే కొట్టు" అని అరిచే నాన్నలుంటారు. నేను లోపల పాస్ నేర్పిస్తుంటా.

ఇంకొకటి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచినప్పుడు ఇక కోచ్‌లకి మంచి రోజులొచ్చాయని మేమంతా అనుకున్నాం. 2025లో ఆ టీమే ఢిల్లీకి పోయింది. అలాగని అన్నీ అలాగే లేవు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా జెర్సీ వేసుకుని, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్ దాకా వెళ్ళింది. మహిళా కోచ్‌ల కొరత మాత్రం నిజం. మీ చెల్లెళ్ళు, కజిన్లు ఎవరైనా ఆడుతుంటే వాళ్ళకీ చెప్పండి.

లెఫ్ట్‌బ్యాక్ 3

అందరికీ థ్యాంక్స్. డ్రిల్ సార్, మీ వేళ్ళ డ్రిల్ ఈ ఆదివారమే మా బస్తీ పిల్లలతో చేయించాను. ఒకడు ప్రతిసారీ "రెండు" అనే అరుస్తున్నాడు, సగంసార్లు కరెక్ట్ అవుతోంది!

రెండు డౌట్లు. ఒకటి, డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియదు కదా, అప్పటిదాకా ఎలా? రెండోది, బీపీఈడీ ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లో నిజంగా పరిగెత్తిస్తారా, రాత పరీక్ష ఉండదా? నాన్న ఈ మాట నమ్మట్లేదు.

డ్రిల్ సార్

ఆ "రెండు" పిల్లాణ్ణి పట్టుకో తమ్ముడూ, వాడు తెలివైనవాడు. మూడు, నాలుగే ఎత్తు, అప్పుడు చస్తాడు.

డీఎస్సీ గురించి నీకు తీపి మాటలు చెప్పను. 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ పరీక్ష జరిగింది 2024లోనే. అప్పుడు మొత్తం 11,062 పోస్టుల్లో పీఈటీలవి 182. జిల్లాలవారీగా పంచితే చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కాబట్టి అదొక్కటే నమ్ముకుని కూర్చోవద్దు. గురుకులాల నోటిఫికేషన్లు వేరుగా పడతాయి, అక్కడ పీఈటీ, ఫిజికల్ డైరెక్టర్ పోస్టులుంటాయి, గ్రౌండ్లు కూడా మా బళ్ళకంటే నయం. పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి పొద్దున్నే ప్రాక్టీసు దొరుకుతుంది. మా బ్యాచ్ వాడొకడు గురుకులంలో చేరి, నాకంటే మంచి టీమ్‌లు తయారుచేశాడు. మధ్యలో ప్రైవేటు స్కూల్లో చేయాల్సి వస్తే చేరేముందే రెండు అడుగు: గ్రౌండ్ ఉందా, నాకు బస్ డ్యూటీ ఉందా? రెండోదానికి అవునంటే జీతం ఎక్కువ అడుగు.

ఇక పీఈసెట్. మీ నాన్నకి చెప్పు, నిజంగానే గ్రౌండ్‌లోనే పరీక్ష. పరుగు, షాట్‌పుట్, జంపులు, తర్వాత నువ్వు ఎంచుకున్న ఆటలో స్కిల్ టెస్ట్. డిగ్రీ ఉంది కాబట్టి నీకు రెండేళ్ళ బీపీఈడీ. ఇంటర్ మాత్రమే ఉన్నవాళ్ళకి డీపీఈడీ. నీ పేరుతో టోర్నమెంట్ సర్టిఫికెట్లు ఏమున్నా అన్నీ జాగ్రత్తగా పెట్టుకో. క్లబ్ సెక్రటరీల దగ్గర పడి ఉన్నవి ఇప్పుడే అడిగి తెచ్చుకో, రేపు వాళ్ళు ఫోన్ ఎత్తరు.

డి లైసెన్సు కూడా వదలకు, బీపీఈడీ చదువుతూ సెలవుల్లో చేసెయ్. వీకెండ్ టర్ఫ్ చెప్పినట్టు సెషన్ కాగితం మీద రాసే అలవాటు ఆదివారం పిల్లలతోనే మొదలుపెట్టు. ఒక పాత నోట్‌బుక్ తీసుకుని ఆరోజు ఏం చేయించావో, ఏది పనిచేయలేదో రాసుకో. నా దగ్గర అలాంటివి ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. మా ఆవిడ తీసి పారేయమంటుంది.

నాన్న విషయంలో ఒక మాట. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి ఆయనకి చెప్పు. ఫుట్‌బాల్ తెలియని పెద్దమనిషైనా వింటాడు. గ్రూప్ మ్యాచ్‌లో మనం దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. మన స్టాపర్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో ఆడించే పరిస్థితి లేదు. రహీం సాబ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టకుండా తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌లో (ముందు గోల్ కొట్టే చోట) పెట్టాడు. ఫైనల్లో అదే కొరియా మీద పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్, 2-1. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. తర్వాతి ఏడాది జూన్‌లో పోయారు. ఉన్న పదకొండు మందితోనే పని కానివ్వడం బడి పంతులుకి రోజూ ఉండే పనే కదా, అక్కడే నేర్చుకుని ఉంటాడని నా నమ్మకం. రుజువు అడగకండి.

లెఫ్ట్‌బ్యాక్ 3

చెప్పాను సార్. అంతా విని నాన్న "జీతం ఎంత వస్తుందో కనుక్కో" అన్నాడు. అంటే సగం ఒప్పుకున్నట్టే. క్లబ్ సెక్రటరీకి ఫోన్ చేశా, రెండు సర్టిఫికెట్లు ఇస్తానన్నాడు.

డ్రిల్ సార్

మంచిది. రేపట్నుంచి షాట్‌పుట్ పట్టుకో. ఫుట్‌బాల్ వాళ్ళు పరుగులో మార్కులు కొట్టేసి, ఆ ఇనుప గుండు దగ్గర పోగొట్టుకుంటారు. చేతులు మనకి త్రో-ఇన్‌కి తప్ప అలవాటుండవు కదా. మీ వైపు గ్రౌండ్‌లో అథ్లెటిక్స్ వాళ్ళెవరైనా ఉంటే చాయ్ తాగించి నేర్చుకో.